మిగిలిన పాలు: ఫ్రీజర్‌లో పెట్టాలా, తోడు వేయాలా, కోవా చేయాలా?

ఇంట్లో పాలు మిగలడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. చుట్టాలు ఉంటారని రెండు ప్యాకెట్లు ఎక్కువ చెప్తాం, వాళ్లు ఒకరోజు ముందే బయల్దేరిపోతారు. సంక్రాంతికి ఊరెళ్లే హడావిడిలో పాలబ్బాయికి వద్దని చెప్పడం మరిచిపోతాం. గృహప్రవేశంలో పొంగించడానికి, వచ్చినవాళ్లకి కాఫీలకి అని తెచ్చిన ప్యాకెట్లలో సాయంత్రానికి సగం అలాగే ఉంటాయి. ఆ పాలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి, మూడో రోజు కాస్తే విరిగిపోతాయి, సింకులో పోస్తాం. తెల్లవారకముందే లేచి గేదెను పితికి, చలిలో పాలకేంద్రం దాకా మోసుకెళ్లినవాళ్ల కష్టం అందులో ఉంది. అలా పారబోయడానికి నాకు మనసొప్పదు. కాస్త ముందు ఆలోచిస్తే ఆ అవసరమూ రాదు.

మిగిలిన పాలతో మనం చేయగలిగినవి నాలుగు. ఫ్రీజ్ చేయొచ్చు, తోడు వేయొచ్చు, పనీర్ చేయొచ్చు, కోవా తీయొచ్చు. ఏది మంచిదని అడిగితే నా జవాబు ఇది: రోజూ పెరుగన్నం తినే ఇంట్లో లీటరు దాకా మిగిలితే ఫ్రీజర్ జోలికి వెళ్లకుండా తోడు వేసేయండి. అంతకు మించి మిగిలినా, నాలుగైదు రోజులు ఇంట్లో ఉండకపోయినా, ఒక్కరో ఇద్దరో ఉన్న ఇల్లయినా ఫ్రీజర్ బాగా పనికొస్తుంది. పనీర్, కోవా మాత్రం తినాలని ఉంటేనే చేయండి, పాలు పాడవుతాయన్న భయంతో కాదు. ఏది ఎంచుకున్నా, ఆ నిర్ణయం పాలు వచ్చిన రోజే తీసుకోవాలి. మూడో రోజు తీసుకుంటే మిగిలే దారులు తక్కువ.

పాలు ఇప్పుడు ఎలా ఉన్నాయి?

ఫ్రీజర్ మీద చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది: చల్లదనానికి సూక్ష్మజీవులు చచ్చిపోతాయని. చావవు, నిద్రపోతాయంతే. ప్యాకెట్ పాలను డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి వెంటనే చల్లారుస్తారు. రోగాలు తెచ్చే క్రిములు దానితో పోతాయి, పాలను పులిపించేవి కొన్ని మిగులుతాయి. అందుకే కాయని ప్యాకెట్ కూడా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి నిలవదు. రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉండి, రేపో మాపో విరగబోయే పాలను ఫ్రీజర్‌లో పెడితే, నెల తర్వాత బయటికి వచ్చేవి కూడా రేపో మాపో విరగబోయే పాలే. ఫ్రీజర్ పాలను తాజాగా మార్చదు, ఉన్నచోట ఆపుతుంది.

కాబట్టి ఈరోజే వచ్చిన ప్యాకెట్ అయితే ఏ దారైనా పట్టవచ్చు. రెండో రోజు పాలయితే కాచి తోడు వేయడం, పనీర్ చేయడం మేలు. కాచేటప్పుడు విరిగాయా, వాసన బాగానే ఉందా, అప్పుడు వడకట్టి పనీర్‌లాగా వాడుకోవచ్చు, పంచదార వేసి దగ్గరికి ఇగిర్చితే పిల్లలు ఇష్టంగా తింటారు. చేదు తగిలినా, జిగురుగా సాగినా, కంపు వచ్చినా మాత్రం ఆలోచించకండి, పారబోయండి. పాలు వృథా కాకూడదని కడుపు పాడుచేసుకోకూడదు.

ఫ్రీజర్‌లో పాలకి ఏమవుతుంది

గేదె పాలయినా ఆవు పాలయినా అందులో ఎనభై శాతం పైన నీరే. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నిండుగా పోసి బిగించిన గాజుసీసా పగిలేది అందుకే. లీటరు డబ్బాలో 900 మిల్లీలీటర్లకు మించి పోయకండి. గాజు అసలే వద్దు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా గానీ, ఫ్రీజర్‌కి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బా గానీ తీసుకోండి.

గడ్డకట్టిన పాలు లేత పసుపు రంగులోకి తిరుగుతాయి. చూసి పాడయ్యాయనుకుంటారు చాలామంది. కరిగాక మళ్లీ తెల్లగా అవుతాయి, కంగారు అక్కర్లేదు.

అసలు మార్పు లోపల జరుగుతుంది. ముందు నీరు గడ్డకడుతుంది. లవణాలు, పాల చక్కెర, మాంసకృత్తులు మిగిలిన కొంచెం ద్రవంలో ఇరుక్కుని చిక్కబడతాయి. ఐస్ పలుకులు వెన్న బిందువుల మీది పొరను చీలుస్తాయి. అందుకే కరిగాక పైన నూనె చుక్కల్లాగా, చిన్న చిన్న వెన్న రేకుల్లాగా తేలతాయి, అడుగున సన్నటి పొడిలాంటిది పేరుకుంటుంది. పాలు ఎంత చిక్కనివైతే ఇది అంత ఎక్కువ. 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ కంటే 3 శాతం ఉండే టోన్డ్, 1.5 శాతం ఉండే డబుల్ టోన్డ్ ఫ్రీజర్‌ని బాగా తట్టుకుంటాయి. ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ఉంటే ఇంకా మంచిది. అందులో వెన్న బిందువులను ముందే సన్నగా చేసేస్తారు, మీగడగా తేలవు. ఇంటికొచ్చి పోసే చిక్కటి గేదె పాలు దీనికి చివరి ఎంపిక. వాటిని పెరుగుకే వాడుకోండి, గడ్డపెరుగుకి వాటిని మించినవి లేవు.

కరిగేటప్పుడు ఇంకొక సంగతి గమనించాలి. డబ్బా బయట పెట్టి కొంత కరగగానే వంపుకుంటే, ముందు వచ్చేది చిక్కటి, తియ్యటి ద్రవం. లోపల మిగిలిన తెల్ల గడ్డ దాదాపు నీళ్ల ఐసే. మొదటి కాఫీ కమ్మగా కుదిరి, తర్వాతిది నీళ్లలా ఉంటే కారణం ఇదే. డబ్బాలో పాలు మొత్తం కరిగి, గట్టిగా గిలకొట్టాకే వాడుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే ఫ్రీజ్ చేసిన పాల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు రావు.

ఫ్రీజ్ చేసే పద్ధతి

ప్యాకెట్ పాలను కాయకుండానే ఫ్రీజ్ చేయడం మంచిదంటాను. కాచినవి పెడితే మీగడ ముక్కలు ముక్కలుగా విడిపోయి ఎంత కలిపినా కలవదు. పాలవాడు పోసే పాలయితే వేరే మాట. వాటిని ముందు బాగా కాచాలి, చల్లారాక మీగడ తీసేసి అప్పుడు పెట్టాలి. పచ్చిపాలలో వెన్నను విడగొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది, అది ఫ్రీజర్‌లో కూడా మెల్లగా పని చేస్తూ పాలకు ముక్కవాసన తెస్తుంది. కాస్తే అది పోతుంది.

ప్యాకెట్‌ని అలాగే ఫ్రీజర్‌లో పడేయొచ్చా అంటే, పడేయొచ్చు, చాలామంది అదే చేస్తారు. కానీ ఆ పల్చటి కవరు చలికి బిరుసెక్కుతుంది. దాని మీద వేరే డబ్బా పెట్టినా, ఐస్‌లో అంటుకుపోయిన కవరును బలంగా లాగినా ఎక్కడో సూది బెజ్జం పడుతుంది. అది తెలిసేది కరిగేటప్పుడే, ఫ్రిజ్ అంతా పాలు కారాక. ప్యాకెట్టే పెట్టాలనుకుంటే ఒక వెడల్పాటి గిన్నెలో పడుకోబెట్టి పెట్టండి. కరిగించేటప్పుడు కూడా ఆ గిన్నెలోనే ఉంచండి.

ఇద్దరే ఉండే ఇంటికి ఐస్ ట్రే అన్నిటికంటే నయం. క్యూబులు గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసి, గాలి తీసేసి, తేదీ రాసి పెట్టుకోవాలి. టీ డికాక్షన్ మరుగుతున్నప్పుడు కావలసినన్ని క్యూబులు తీసి వేసేయడమే. ముందే కరిగించాలన్న టెన్షన్ లేదు.

పాలు ఎదుటి వాసనను ఇట్టే పట్టుకుంటాయి. అదే అరలో చేపలో, రొయ్యలో, అల్లం వెల్లుల్లి ముద్దో మూత సరిగ్గా లేకుండా ఉంటే, మీ కాఫీకి నీచు వాసన రావడం ఖాయం. పాల డబ్బాకి ఒక మూల కేటాయించండి.

ఎన్నాళ్లు ఉంచొచ్చు? మైనస్ 18 డిగ్రీలు నిలిచే ఫ్రీజర్‌లో మూడు నెలల వరకు ఉంచుకోవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ చెప్తుంది. రుచి కోసమైతే నెలలోపు వాడేయమని నా సలహా. అయితే మన ఇళ్లలో చాలావాటికి ఉన్నది ఒకే తలుపు ఫ్రిజ్, అందులో పైన చిన్న ఐస్ అర. అది అంత చల్లగా ఉంటుందని నమ్మలేం. ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉండే నక్షత్రాలు కరెంటు పొదుపుకి సంబంధించినవి, చల్లదనానికి కాదు. మీ ఫ్రీజర్ సత్తా తెలియాలంటే అందులో ఐస్‌క్రీమ్ పెట్టి మర్నాడు చెంచా దించి చూడండి. రాయిలా ఉంటే నెల పెట్టుకోండి. చెంచా సులువుగా దిగితే వారానికి మించి వద్దు.

కరిగించడం రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి చేయాలి. అర లీటరు డబ్బా కరగడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. తొందరగా కావాలంటే డబ్బాను చన్నీళ్ల గిన్నెలో ముంచి, నీళ్లు మారుస్తూ ఉండాలి. వంటగట్టు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలేయడం, అందులోనూ మన ఎండాకాలంలో, పాలు చేజేతులా పాడు చేసుకోవడమే. కరిగిన పాలు ఒక రోజులో వాడేయాలి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. కాచేటప్పుడు మందపాటి గిన్నె తీసుకుని సన్నసెగ మీద కలుపుతూ ఉండండి. ఈ పాలు మామూలు పాలకంటే తొందరగా అడుగంటుతాయి.

ఆ పాలు దేనికి బాగుంటాయి, దేనికి బాగుండవు

టీకి తేడా తెలియదు. సేమియా పాయసం, కస్టర్డ్, గోధుమరవ్వ పాలజావ, పిండిలో కలిపేవి, కూరల్లో పోసేవి అన్నీ హాయిగా కుదురుతాయి. ఫిల్టర్ కాఫీ ఇష్టంగా తాగేవాళ్లకు మాత్రం తేడా తెలుస్తుంది. రుచి కొద్దిగా చప్పబడుతుంది, పైన నూనె మెరుపు కనిపిస్తుంది. గ్లాసులో పోసుకుని ఉత్త పాలు తాగే అలవాటున్న పిల్లలు వద్దంటారు, వాళ్ల కోసం తాజా పాలే ఉంచండి. బెల్లం పరమాన్నానికి కూడా నేను వీటిని వాడొద్దంటాను. తాజా పాలే బెల్లంతో విరుగుతాయేమోనని భయపడతాం, ఇక వీటితో ఎందుకు? ఫ్రీజ్ చేసిన పాలను కాచి తోడు వేస్తే పెరుగు తోడుకుంటుంది, కాకపోతే గడ్డ కాస్త వదులుగా, పలుకుగా ఉంటుంది. మజ్జిగకి, మజ్జిగ పులుసుకి భేషుగ్గా సరిపోతుంది.

తోడు వేయడంతో పోలిస్తే

పెరుగు చేయడానికి అదనంగా కరెంటు అక్కర్లేదు, డబ్బాలు అక్కర్లేదు, నేర్చుకోవాల్సింది లేదు. పాలు రెండో రోజువైనా ఫరవాలేదు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు కమ్మగా ఉంటుంది, పులిసినా పారబోసే పనిలేదు. పులిసిన పెరుగుతో మజ్జిగ పులుసు, రవ్వదోశ, ఆవిరి కుడుముల పిండి అన్నీ చేసుకోవచ్చు. మీగడ పెరుగు చిలికితే వెన్న, వెన్న కాస్తే నెయ్యి. పాలను ఎక్కువకాలం నిలవచేయడం మనవాళ్లకు కొత్త కాదు. ఫ్రిజ్‌లు రాకముందు చేసింది ఇదే. నెయ్యి గది వేడిలోనే నెలల తరబడి ఉంటుంది, ఏ ఫ్రీజరూ దానికి సాటిరాదు.

పెరుగుకి ఉన్న ఇబ్బంది పరిమాణం. నలుగురున్న ఇంట్లో రోజుకి అర లీటరు పెరుగు చెల్లుతుంది. మూడు లీటర్లు ఒకేసారి తోడు వేస్తే నాలుగో రోజుకి అందరికీ మొహం మొత్తుతుంది. మిగిలిన పెరుగును ఫ్రీజ్ చేద్దామంటే అది కరిగాక నీళ్లు ఒకవైపు, పలుకులు ఒకవైపు అవుతుంది, అన్నంలోకి బాగుండదు. కాబట్టి మూడు లీటర్లు మిగిలితే ఒకటి తోడు వేసి, రెండు పాలుగానే ఫ్రీజ్ చేయడం తెలివైన పని.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. పెరుగు ఫ్రీజర్‌లో పాడైనా తోడు పాడవదు. మంచి పెరుగును ఐస్ ట్రేలో చెంచా చెంచా చొప్పున వేసి గట్టిపరిచి ఉంచుకుంటే, ఊరినుంచి వచ్చాక పక్కింటి తలుపు తట్టకుండా ఒక క్యూబును గోరువెచ్చటి పాలల్లో వేసి తోడు పెట్టుకోవచ్చు. తోడుకోవడానికి మామూలుకంటే కాసేపు ఎక్కువ పడుతుంది.

పనీర్, కోవా

లీటరు ఫుల్ క్రీమ్ పాలు పొంగు వచ్చాక నిమ్మరసం పిండి విరగ్గొడితే ఇంచుమించు 180 నుంచి 200 గ్రాముల పనీర్ వస్తుంది. టోన్డ్ పాలయితే అంతకంటే బాగా తక్కువ. పావుగంట పని. ఫ్రీజర్‌లో చోటు లేనివాళ్లకు ఇదే నయం, లీటరు పాలు అరచేతిలో పట్టేంత ముద్ద అవుతాయి. పనీర్ ఫ్రీజర్‌ని పాలకంటే బాగా ఓర్చుకుంటుంది కూడా. కరిగాక గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెడితే మెత్తబడుతుంది. వడకట్టిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి, పప్పు ఉడకబెట్టడానికి వాడితే రుచి వస్తుంది.

కోవా సంగతి వేరు. లీటరు చిక్కటి పాలు ఇంచుమించు 200 గ్రాముల కోవాగా దిగాలంటే ముప్పావు గంట నుంచి గంట దాకా పొయ్యి దగ్గర నిలబడి కలపాలి. అంతసేపు గ్యాస్ మండుతుంది. మూకుడు అంచులకు అంటిన మీగడ గీకి లోపలికి తోస్తూ ఉండాలి, ఒక్క నిమిషం పక్కకి వెళ్తే మాడువాసన మొత్తానికి పడుతుంది. కడప నుంచి రాయచోటి వెళ్లేదారిలో గువ్వలచెరువు పాలకోవా కోసం బస్సులు, కార్లు ఎందుకు ఆగుతాయో ఒకసారి ఇంట్లో చేసినవాళ్లకి అర్థమవుతుంది. తీరిక ఉండి, పండగ దగ్గర్లో ఉంటే చేయండి. పది ప్యాకెట్లు మిగిలిన రోజు అలసిపోయిన ఇల్లాలి చేతికి గరిటె ఇచ్చి కోవా తీయమనడం మాత్రం న్యాయం కాదు. ఆ రాత్రికి ఫ్రీజర్‌లో పెట్టేసి అందరూ పడుకోవడం మంచిది.

తుఫాను హెచ్చరిక ఉంటే ఫ్రీజర్‌ని నమ్ముకోవద్దు

కోస్తాలో ఉండేవాళ్లు తుఫాను అనగానే పాల ప్యాకెట్లు కొని ఫ్రీజర్ నింపుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక జరిగింది గుర్తుచేసుకోండి. పాలు దొరకడం కష్టమైంది, కరెంటు రోజుల తరబడి లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడూ అంతే. పాలు కావలసిన రోజునే ఫ్రీజర్ ఆగిపోతుంది. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుందంటారు. మన ఒకే తలుపు ఫ్రిజ్‌లోని చిన్న అరకు ఆ లెక్క వర్తించదు.

అలాంటప్పుడు కొనాల్సింది టెట్రా ప్యాక్ పాలు, పాలపొడి. టెట్రా ప్యాక్ పాలను 135 డిగ్రీలకు పైన కొన్ని సెకన్లు వేడిచేసి గాలి తగలకుండా నింపుతారు, తెరవనంత వరకు ఫ్రిజ్ లేకుండానే నెలలు ఉంటాయి. ధర ఎక్కువే. చిన్న ప్యాక్‌లు కొంటే తెరిచింది తెరిచినట్టే అయిపోతుంది. పాలపొడి అయితే లీటరుకి సుమారు 125 గ్రాములు కలుపుకోవాలి, కాచి చల్లార్చిన నీళ్లతో. ఒంటరిగా ఉంటూ రోజుకు ఒక్క టీ మాత్రమే తాగేవాళ్లకి కూడా నేను ఫ్రీజర్ కంటే పాలపొడి డబ్బానే చెప్తాను.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి

అమెరికాలో గ్యాలన్ డబ్బా కొంటే 3.78 లీటర్లు. లీటరు లెక్కన చూస్తే చిన్న డబ్బా కంటే బాగా చవక, ఇద్దరున్న ఇంట్లో వారంలో అవదు. అక్కడి పాలు దాదాపు అన్నీ హోమోజినైజ్డ్, ఫ్రీజర్లు పెద్దవి, కరెంటు పోవడం తక్కువ. కాబట్టి ఇక్కడ పెరుగుకి వేసిన ఓటు అక్కడ ఫ్రీజర్‌కి వేస్తాను. కొన్న రోజే సగం చిన్న డబ్బాల్లోకి వంపేసి పెట్టేయండి. బ్రిటన్‌లో ఆహార వృథా మీద పనిచేసే వ్రాప్ సంస్థ పాలు ఫ్రీజ్ చేసుకోమని ప్రచారం చేస్తూనే ఉంది. అక్కడి మారిసన్స్ సూపర్ మార్కెట్ 2022లో తన సొంత బ్రాండు పాలలో ఎక్కువ వాటి మీద ‘ఈ తేదీలోపు వాడండి’ అన్న ముద్ర తీసేసి, వాసన చూసి నిర్ణయించుకోమంది. మన అమ్మమ్మలు గిన్నె మూత తీసి చేసేది ఆ పనే.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకొక సౌకర్యం ఉంది, అర లీటరు ప్యాకెట్. లీటరు ప్యాకెట్ మీద రూపాయో రెండో కలిసొస్తుందని తీసుకునే బదులు రెండు అర లీటర్లు తీసుకుంటే, ఒకటి తెరవకుండానే మిగులుతుంది. తెరవని ప్యాకెట్‌ని సాయంత్రం లోపు ఫ్రీజర్‌లో పెట్టవచ్చు, లేదా పక్కింటివాళ్లని అడిగి ఇచ్చేయవచ్చు. తెరిచి కాచిన పాలు తీసుకోవడానికి మొహమాటపడేవాళ్లు కూడా సీలు తీయని ప్యాకెట్ ఇస్తే సంతోషంగా తీసుకుంటారు.